ఎర్రబండలో గోదాము కనబడలేదు

రాష్ట్ర ధాన్య నిల్వల మండలికి ఒక మంచి ఆలోచన వచ్చింది. మంచి ఆలోచన వచ్చినప్పుడల్లా మండలి ఒక సర్క్యులర్ వేస్తుంది. ఈసారి వేసిన సర్క్యులర్ పదహారు పేజీలు. మండలికి చెందిన అన్ని కేంద్రాల్లోనూ కంప్యూటర్లలో పాత వ్యవస్థను తీసేసి లైనక్స్ పెట్టాలి, అది తెలుగులోనే పెట్టాలి, అందరూ ఒకే సోమవారం ఒకే గంటకు పెట్టాలి. ఇదీ సారాంశం. అయితే అసలు ప్రాణమంతా ఏడో నిబంధనలో ఉంది.

"స్థాపన సమయమున తెరపై ప్రత్యక్షమగు ప్రతి సందేశమునూ అక్షరము పొల్లుపోకుండ రిజిస్టరునందు నమోదు చేసి, అదే దినమున ప్రాంతీయ కార్యాలయమునకు నివేదించవలెను. ప్రతికూల సందేశము ప్రత్యక్షమైనచో, పై ఉత్తర్వులు అందువరకు ఎవరునూ ఏ మీటనూ నొక్కరాదు."

ఎర్రబండ కేంద్రంలో మీటలు నొక్కే ఉద్యోగం హుస్సేనమ్మది. పాలిటెక్నిక్ చదివింది, తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ ఆపరేటరు. ఇంట్లో మూలపడ్డ కంప్యూటర్‌లో తనే లైనక్స్ పెట్టుకుని, దాని మీదే పిల్లలకు లెక్కలు నేర్పిస్తోంది. ఆ సర్క్యులర్ చదివి మండలి మొత్తంలో సంతోషించిన మనిషి ఆమె ఒక్కతే.

సోమవారం పదకొండు గంటలకు పైనుంచి వచ్చిన డిస్కు పెట్టి మొదలుపెట్టింది. మేనేజరు ఆదిశేషయ్య రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని పక్కనే కూర్చున్నాడు. "స్వాగతం" అని తెర మీద వచ్చింది. రాసుకున్నాడు. "భాషను ఎంచుకోండి" అని వచ్చింది. రాసుకున్నాడు. పదకొండూ పదికి తెర ఇలా అంది:

"ఏ విధమైన స్టోరేజీ కనబడలేదు. అవసరమైన కెర్నల్ మాడ్యూల్‌ను లోడ్ చేయండి."

హుస్సేనమ్మ బెదరలేదు. కంప్యూటరు గత నెలే వచ్చింది, లోపలి హార్డ్ డిస్కు కొత్త రకం. లైనక్స్‌ను నడిపించే మూలభాగాన్ని కెర్నల్ అంటారు. ఆ డిస్కుతో ఎలా మాట్లాడాలో కెర్నల్‌కు తెలియదు. ఆ సంగతి చెప్పే చిన్న ముక్క పేరే మాడ్యూల్. ఆ ముక్క ఆమె పెన్‌డ్రైవ్‌లో ఉంది. గుచ్చి, పేరు ఎంచుకుని, ఒక మీట నొక్కితే రెండు నిమిషాల పని. ఇదంతా ఆమె మేనేజరుకు విడమరిచి చెప్పింది.

"కొత్తగా వచ్చిన వాచ్‌మన్ మిమ్మల్ని ఎరగడు సార్. గేటు కాడ ఆపుతాడు. అట్లని మీరు లేనట్టా? ఎవరో ఒకరు ఈయన మేనేజరు అని చెబితే సరిపోయె."

ఆదిశేషయ్యకు బాగా అర్థమైంది. అర్థమైనందుకు తల కూడా ఊపాడు. ఆమె పెన్‌డ్రైవ్ గుచ్చబోతుంటే మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. ఇది ప్రతికూల సందేశం అవునా కాదా అని అడిగాడు. అవునంది. అయితే ఏడో నిబంధన అన్నాడు. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోని మనిషి ఆయన. ఆ రెండు వాక్యాలూ గుండ్రటి అక్షరాలతో నకలు తీసి, మధ్యాహ్నం లోపే ప్రాంతీయ కార్యాలయానికి పంపేశాడు.

ప్రాంతీయ మేనేజరు చిదంబరరావు ఆ కాగితాన్ని నిలబడి చదివి, కూర్చుని ఇంకోసారి చదివాడు. మండలి పుట్టిన నాటినుంచి స్టోరేజీ అంటే గోదాము. ఇంకో అర్థం ఎవరూ ఎరగరు. ఎర్రబండ కేంద్రంలో గోదాము కనబడలేదని దాని మేనేజరే సంతకం చేసి మరీ పంపించాడు. ఆయన వెంటనే ఫోను చేశాడు.

"ఎప్పటినుంచి కనబడటం లేదు?"

"ఇవాళ పదకొండు గంటల పది నిమిషాల నుంచి సార్," అన్నాడు ఆదిశేషయ్య నిజాయితీగా.

అంతకు ముందు కనబడేదా అని చిదంబరరావు అడిగాడు. నిన్నటిదాకా ఏ ఇబ్బందీ లేదన్నాడు ఆదిశేషయ్య. అప్పటికి గానీ ఆయనకు ఈ మాటలు ఎటు పోతున్నాయో తెలియలేదు. తెలిసి కిటికీలోంచి చూశాడు. ఎదురుగా రెండు వందల పది అడుగుల గోదాము తెల్లగా, ఎండలో కళ్ళు చెదిరేటట్టు నిలబడి ఉంది. దాని నీడలో రెండు గేదెలు పడుకున్నాయి. ఆయన కిటికీ రెక్క మెల్లగా మూశాడు. పొద్దున రాతపూర్వకంగా కనబడలేదని, మధ్యాహ్నం నోటిమాటగా కనబడుతోందని చెప్పిన మేనేజరుకు ఏమవుతుందో ఆయనకు తెలుసు.

హుస్సేనమ్మ ఫోను తీసుకుంది. స్టోరేజీ అంటే గోదాము కాదని, కంప్యూటర్‌లోని డిస్కు అని, తనకు రెండు నిమిషాలు ఇస్తే కనబడుతుందని చెప్పింది. చిదంబరరావు ఓపికగా విన్నాడు.

"వ్రాతపూర్వక నివేదికను మౌఖికంగా సవరించే అధికారం కాంట్రాక్టు సిబ్బందికి సంక్రమించదమ్మా," అని పెట్టేశాడు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. ఎర్రబండ గోదాము అదృశ్యంపై త్రిసభ్య సంఘం వేయడమైనది. సంఘం వచ్చువరకు ఎవరునూ దేనినీ ముట్టరాదు. కనబడని గోదామునందు సరుకు ఉండుటకు ఆస్కారము లేనందున, సరుకు విడుదల చీటీలు జారీ చేయరాదు.

ఆ రాత్రి ఎర్రబండ చుట్టుపక్కల దుక్కి తడిసేంత వాన కురిసింది.

మంగళవారం పొద్దున్నే తిప్పేరుద్రప్ప ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. మూడూళ్ళ రైతులు పోయిన పంటలో ఏరి దాచుకున్న విత్తనం వేరుశనక్కాయలు, నూట ఎనభై మూటలు, ఆ గోదాములోనే ఉన్నాయి. పదునున్నప్పుడే విత్తాలి. పదును ఆరు రోజులు నిలిస్తే ఎక్కువ. చీటీ ఇస్తే మూటలు ఎక్కించుకుని పోతానన్నాడు.

గోదాము కనబడటం లేదు కాబట్టి ఇవ్వలేనని ఆదిశేషయ్య నేల చూస్తూ చెప్పాడు. తిప్పేరుద్రప్ప వెనక్కి తిరిగి గోదామును చూశాడు. మళ్ళీ మేనేజరును చూశాడు. తరవాత హుస్సేనమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఏం పాపా, సారుకు కండ్లు ఏమన్నా మసక తగుల్తాండాయా? మా ఊర్లో ఆకు పసరు పోసే ముసలమ్మ ఉండాది."

"సారు కండ్లు బాగుండాయి మామా. కాగితానికే కనపడ్తా లేదు."

ఆయనకు నవ్వు రాలేదు. తాళం వేసిన తలుపు దగ్గరికి పోయి, సందులో ముక్కు పెట్టి వాసన చూశాడు. తన కాయల వాసన తనకు తెలుసు. "ల్యాని గోదాములోంచి నా ఇత్తనం వాసన ఎట్లొస్తాది? నాల్గు దినాల్లో ఇత్తుకోకుంటే మూడూర్లు బీడు పడ్తాయి పాపా," అని అరుగు మీద కూర్చున్నాడు. ట్రాక్టరు కూడా కదల్లేదు. హుస్సేనమ్మకు ఆ పూట అన్నం సయించలేదు. జేబులో ఉన్న పెన్‌డ్రైవ్‌ను నాలుగైదు సార్లు తడిమి చూసుకుంది. కానీ కంప్యూటరు గదికి ఆదిశేషయ్య అప్పటికే లక్క సీలు వేసేశాడు.

బుధవారం త్రిసభ్య సంఘం జీపులో దిగింది. ఒకరు ఇంజనీరు, ఒకరు నాణ్యతాధికారి, ఒకరు ఎగుమతి దిగుమతుల అధికారి. ఎండ మండిపోతుంటే జీపును గోదాము నీడలో పెట్టించారు. భోజనాలు కూడా గోదాము వరండాలోనే చేశారు. తరవాత ఇంజనీరు టేపు పట్టుకుని దాన్ని రెండుసార్లు చుట్టి వచ్చాడు. రెండోసారి తల దూలానికి కొట్టుకుని బొప్పి కట్టింది. బొప్పి నిమురుకుంటూనే నివేదిక చెప్పి రాయించాడు.

"ఇచ్చట రెండు వందల పది అడుగుల పొడవు గల ఒక కట్టడము కలదు. ఇది తప్పిపోయిన గోదాము అవునా కాదా యని నిర్ధారించుటకు, తప్పిపోయిన గోదాము దొరికిన పిమ్మట రెంటినీ పక్కపక్కన ఉంచి పోల్చి చూడవలసి యున్నది."

ఇక నాణ్యతాధికారి. ఆయనకు సందేశంలో కెర్నల్ అన్న మాట ఒక్కటే నచ్చింది. కెర్నల్ అంటే గింజ అని ఆయన చదువుకున్నాడు, చదువుకున్నది ఆయన మరిచిపోడు. ఈ కెర్నల్‌లో తేమ ఎంత శాతమో, నూకలెంతో, మట్టిబెడ్డలెంతో చెప్పమని హుస్సేనమ్మను అడిగాడు. అది గింజ కాదని, ఒక సాఫ్ట్‌వేర్ అని ఆమె చెప్పింది. ఫారంలో అలాంటి గడి లేదన్నాడు. సాఫ్ట్ అంటే మెత్తబడిందనే కదా అని తేమ గడిలో "అధికము" అని రాసుకున్నాడు. చివరి ప్రశ్నగా, ఇందులో పురుగు ఏమైనా ఉందా అన్నాడు.

హుస్సేనమ్మ అప్పటికే అలిసిపోయి ఉంది. అందుకని తనకు తెలిసిన నిజం చెప్పేసింది. బగ్స్ లేని సాఫ్ట్‌వేర్ ఈ లోకంలో లేదంది.

ఆయన కలం ఆగింది. "బగ్స్. సజీవములేనా?"

"ఎప్పుడో ఒకప్పుడు బయటపడతాయి సార్."

అంతే. సజీవ కీటకముల ఉనికి నిర్ధారణ అయింది. వెంటనే మందు పెట్టి, టార్పాలిన్ కప్పి, ఏడు రోజులు గాలి చొరకుండా బిగించాలని ఆయన ఉత్తర్వు ఇచ్చాడు. నలుగురు మనుషులు వచ్చి, ఇరవై మూటల వరసను కప్పే టార్పాలిన్‌ను కంప్యూటరు మీద కప్పి, అంచుల మీద ఇసుక పాములు, అంటే ఇసుక నింపిన పొడవాటి గుడ్డ గొట్టాలు, పరిచారు. చూడటానికి గదిలో ఏనుగు పిల్ల పడుకున్నట్టుంది. తీరా చూస్తే మందు బిళ్ళలు స్టాకులో లేవు. బిళ్ళలు లేకుండానే ఏడు రోజులు లెక్కించవచ్చునని ఆయన ఫోనులో అనుమతి తెప్పించాడు. హుస్సేనమ్మ మనసులో అల్లాకు దండం పెట్టుకుంది. ఆ బిళ్ళల గాలికి రాగి తీగలు పాడవుతాయని ఆమెకు తెలుసు.

మూడో అధికారి లోడ్ అన్న మాటను పట్టుకున్నాడు. మాడ్యూల్ బరువెంత, కొక్కేలు వాడవచ్చా, ఎంతమంది హమాలీలు కావాలి అని అడిగాడు. దానికి బరువు లేదని ఆమె అంటే, బరువు లేని సరుకు షెడ్యూలులో లేదన్నాడు. షెడ్యూలులో కనీసం యాభై కిలోలు. ఏడు రోజుల తరవాత హమాలీల సమక్షంలో లోడింగు జరపాలని తేల్చి, ముగ్గురూ జీపెక్కి వెళ్ళిపోయారు.

అంటే వచ్చే బుధవారం. పదును శనివారానికి ఆరిపోతుంది.

హుస్సేనమ్మ ఆ సాయంత్రం మండలి నిబంధనల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. నాలుగు వందల పేజీలు. మొదట కోపంగా తిప్పింది, తరవాత ఆసక్తిగా తిప్పింది. నూట పన్నెండో పేజీ దగ్గర లేచి నిలబడింది. పొద్దున ఆదిశేషయ్య రాగానే పుస్తకం ఆయన ముందు పెట్టింది.

మండలి ఆవరణలో, గోదాము కాని చోట, ఎవరైనా సరుకు పడేసి ఉంచితే దానికి మండలి బాధ్యత లేదు. అట్టి సరుకును ఇరవై నాలుగు గంటల్లో తీసుకుపొమ్మని యజమానికి నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇవ్వని మేనేజరుకు మెమో.

"మన కేంద్రంలో గోదాము లేదని పైవాళ్ళే ఉత్తర్వు ఇచ్చారు కదా సార్," అంది హుస్సేనమ్మ. "అంటే ఈ నూట ఎనభై మూటలు గోదాము కాని చోట ఉన్నట్టే. మీరింకా నోటీసు ఇవ్వలేదు."

మెమో అన్న మాటకు ఆదిశేషయ్య మొహం పాలిపోయింది. రెండో క్షణంలో అసలు సంగతి వెలిగి ఎర్రబడింది. ఆయన నోటీసు తనే రాశాడు. అనధికారికముగా మా ఆవరణనందు మూటలు నిల్వ ఉంచినందులకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో తెలుపుతూ, వాటిని తక్షణము తొలగించవలెనని రాశాడు. రాస్తున్నంతసేపూ ఆయన మీసాల కింద నవ్వు దాగలేదు.

మూడు రోజులుగా అరుగు మీదే ఉన్న తిప్పేరుద్రప్పకు దాన్ని చదివి వినిపించారు. తన విత్తనం తను దాచుకుంటే తిరిగి తననే తిడతారా అని ఆయన ముందు మండిపడ్డాడు. హుస్సేనమ్మ చెవిలో ఏదో చెప్పింది. ఆయన లేచి, తలగుడ్డ దులుపుకుని, మేనేజరుకు రెండు చేతులూ జోడించాడు.

"తప్పైపోయింది సామీ. ఇంగెప్పుడూ ఈడ పెట్టం. ఇప్పుడే ఎత్తకపోతాం, తలుపు తీయండి."

చీకటి పడేలోపు మూడు ట్రాక్టర్లు నాలుగు తిరుగుళ్ళు తిరిగాయి. శుక్రవారం, శనివారం మూడూళ్ళలోనూ గొర్రులు ఆగలేదు. ఆఖరి సాలు పడే వేళకు మట్టి ఇంకా వేళ్ళకు చల్లగా తగులుతూనే ఉంది. గోదాములో మాత్రం రెండు పొట్టు గింజలు, ఒక ఎలుక మిగిలాయి.

తరవాతి బుధవారం లోడింగు కార్యక్రమానికి చిదంబరరావే స్వయంగా వచ్చాడు. హమాలీల మేస్త్రి నడిపెన్న పన్నెండు మందిని తెచ్చాడు. టార్పాలిన్ ఎత్తారు. ఒక్క పురుగు కూడా కనబడకపోయేసరికి మందు బాగా పనిచేసిందని నాణ్యతాధికారి రాసుకున్నాడు. యాభై కిలోల నిబంధన కోసం ఒక గోతంలో ఇసుక నింపి, పైన పెన్‌డ్రైవ్ పెట్టి, మూతి కుట్టి, కాటా వేశారు. నడిపెన్న దాన్ని వీపున వేసుకుని గుమ్మం దాటి, కంప్యూటరు ముందు దించి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"యాడ లోడ్ చేయల్ల మేడం?"

హుస్సేనమ్మ కుట్లు విప్పి, పెన్‌డ్రైవ్ మీది ఇసుక ఊది, కంప్యూటర్‌కు గుచ్చింది. జాబితాలో పేరు ఎంచుకుని ఒక మీట నొక్కింది. పన్నెండు మంది హమాలీలు, ముగ్గురు సభ్యులు, ఇద్దరు మేనేజర్లు తెర మీదికి వంగారు. నిమిషమున్నర గడిచింది. తెర మీద కొత్త వాక్యం వచ్చింది.

"రెండు స్టోరేజీలు కనుగొనబడ్డాయి."

ఒకటి హార్డ్ డిస్కు, రెండోది ఇప్పుడే గుచ్చిన పెన్‌డ్రైవ్. ఆ సంగతి ఆమె చెబుతూనే ఉంది. ఎవరూ వినలేదు. ఆదిశేషయ్య అక్షరం పొల్లుపోకుండా రాశాడు. చిదంబరరావు ఆయన చేతులు పట్టుకుని ఊపాడు. పోయింది ఒక గోదాము, దొరికినవి రెండు. మండలి చరిత్రలో ఇలాంటిది జరగలేదు.

వారంలో కేంద్రానికి రెండో గోదాము మంజూరైనట్టు, దానికి ఒక మేనేజరు పోస్టు కూడా సృష్టించినట్టు కాగితాలు వచ్చాయి. గోదాము కనుగొన్నవారికే ఆ పోస్టు చెందాలని చిదంబరరావు సిఫారసు చేశాడు. హుస్సేనమ్మ నిజం రాస్తూ మూడు పేజీల వివరణ పంపింది. మండలి నివేదికకు విరుద్ధమైన వివరణలు పరిశీలించబడవని జవాబు వచ్చింది, దాని వెంటే శాశ్వత నియామకపు ఉత్తర్వూ వచ్చింది. తొమ్మిదేళ్ళుగా రాని ఉత్తర్వు. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళు తుడుచుకుని, సంతకం పెట్టింది. తన గోదామును తాళంచెవుల గుత్తికి తగిలించుకుంది.

రెండో గోదాము సామర్థ్యం తెలపమని ఫారం వచ్చింది. ముప్పై రెండు జీబీ అని ఉన్నదున్నట్టు రాసింది. మండలిలో జీబీ అంటే గన్నీ బ్యాగులు. మొదటి గోదాము ఖాళీగా ఉందన్న సంగతి పైవాళ్ళకు ఇంకా తెలియదు కాబట్టి, ఆ ఫారం పైకి చేరేలోపే కొత్త గోదాముకు ఏడు లారీల ధాన్యం పంపించారు. లారీలు గేటు ముందు వరసగా ఆగాయి. ఎక్కడ దించాలని డ్రైవర్లు అడిగారు. హుస్సేనమ్మ చేతిలోని పెన్‌డ్రైవ్‌ను ఒకసారి, ఎదురుగా ఖాళీగా ఉన్న రెండు వందల పది అడుగుల గోదామును ఒకసారి చూసి, తలుపులు తెరిపించింది. ధాన్యం సుఖంగా సర్దుకుంది. లెక్కల్లో మొదటి గోదాము ఖాళీ, రెండోది నిండుగా. కాగితానికి మాత్రం రెండూ నిజమే.

ముప్పై రెండు గోనె సంచుల గోదాములో ఏడు లారీల ధాన్యం పట్టించిన మేనేజరుకు రాష్ట్రస్థాయి బహుమతి రాకుండా ఎలా ఉంటుంది. సభలో శాలువా కప్పి, ఇంత గొప్ప నిల్వ ఎలా సాధ్యమైందో నాలుగు మాటలు చెప్పమన్నారు. హుస్సేనమ్మ శాలువా సర్దుకుని మైకు ముందుకు వచ్చింది.

"పని చేసేముందు ఒకసారి కండ్లతో చూసుకుంటే చాలు సార్," అని దిగిపోయింది.

చప్పట్లు చాలాసేపు మోగాయి. మండలికి మళ్ళీ ఒక మంచి ఆలోచన వచ్చింది. పన్నెండు పేజీల సర్క్యులర్ వచ్చింది. ప్రతి మేనేజరూ ప్రతి ఉదయం పది గంటలకు తన గోదామును స్వనేత్రములతో వీక్షించి, అది ఉన్నదీ లేనిదీ జతపరిచిన ఫారమునందు నమోదు చేయవలెను. దృష్టి లోపము గలవారు ముందస్తు అనుమతి పొందవలెను.

ఆ మర్నాడు పది గంటలకు ఆదిశేషయ్య ఫారం పట్టుకుని ఆవరణలోకి పోయాడు. గోదాము ఎదురుగా నిలబడి చూశాడు. ఎండలో తెల్లటి గోడ, దాని నీడలో గేదెలు, కప్పు మీద పావురాలు. ఒక్కొక్కటీ తీరిగ్గా చూశాడు. లోపలికి వచ్చి కూర్చుని, కలం మూత తీసి, ఎవరినీ అడగకుండా "ఉన్నది" అని రాశాడు. కాసేపు ఆగి, ఫారంలో అడగకపోయినా, పక్కన "బాగున్నది" అని కూడా చేర్చాడు.